ఎవడు చెప్పెను? ఏమి చెప్పెను?

భీమ్‌గల్‌కు చేరువనున్న లింబాద్రిగుట్టపై నరసింహస్వామి వెలసియున్నాడు. కార్తికమాసపు జాతరకు వచ్చు జనులలో ప్రహ్లాదుని కథ నెరుగనివారుండరు. బాలుడొక మాట చెప్పెను. తండ్రి ఆ మాట నిజమో కాదో విచారింపలేదు. అతడు మొదట నడిగినది, ఇది నీకెవరు నేర్పిరి అని. కొడుకును విడిచి గురువులను గద్దించెను. గురువులు తామెరుగమని మొరపెట్టుకొనిరి. అటుపై బాలుని బుద్ధి చెడెననిరి, కులమునకు చేటు పుట్టెననిరి, ఏనుగులచేత త్రొక్కించిరి, పాములచేత కరపించిరి, కొండపైనుండి త్రోయించిరి. ఇంత జరుగుదాక ఆ మాటను పరీక్షింపవలెనను బుద్ధి ఆ రాజునకు పుట్టలేదు. తుదకు పుట్టినది, స్తంభమును కొట్టి చూచెను. ఆ పరీక్షా ఫలితము గుట్టపై నేటికిని పూజలందుకొనుచున్నది.

రాజులు పోయిరి. రాజ్యములు మారినవి. ప్రజలే ప్రభువులని రాజ్యాంగము వ్రాసికొంటిమి. కాని హిరణ్యకశిపుని ప్రశ్న మాత్రము సింహాసనము దిగలేదు. కచ్చేరిలోగాని, కంపెనీలోగాని, ఆసుపత్రిలోగాని, సహకార సంఘములోగాని లోలోపల జరుగుచున్న తప్పును ఒకడు వెలికి తెచ్చినప్పుడు, అచ్చటి పెద్దలు మొదట నడుగు మాట “ఇది నిజమా?” అని కాదు. “వీడెవడు? వీని వెనుక నెవరున్నారు? ఇందు వీనికి లాభమేమి?” అని. ఈ మూడు ప్రశ్నలతో తప్పు చేసినవాడు బోను దిగును. తప్పు చెప్పినవాడు బోను ఎక్కును. బలవంతుల యీ విద్యను గూర్చియు, దానికి తెలిసియు తెలియకయు మనము చేయుచున్న సాయమును గూర్చియు నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మన ప్రాంతపు జనులకు పరీక్ష యననేమో యొకరు నేర్పనక్కరలేదు. ఆర్మూరు, భీమ్‌గల్ ప్రాంతముల రైతు పసుపును ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టించి బజారునకు తెచ్చును. కొనువాడేమి చేయును? కుప్పలోనుండి ఒక కొమ్మును తీసి విరిచి చూచును. లోపలి రంగును చూచి ధర చెప్పును. ఈ రైతు ఏ కులమువాడు, ఏ పార్టీకి ఓటు వేసెను, నిన్న సాయంకాలము ఎవరితో కూర్చుండెను అని విచారించి కొమ్మునకు ధర కట్టువాడెవ్వడును లేడు. ఒక పసుపుకొమ్మునకు మనమిచ్చు న్యాయమును ఒక మనుష్యుని మాటకు ఇయ్యలేమా? ఇదియే మా ప్రశ్న.

ఈ విద్య క్రొత్తది కాదు. మన హైదరాబాదు చరిత్రలోనే దీనికి నూటనలుబది యేండ్లు నిండినవి. 1883లో చాందా రైలుమార్గపు ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ ఒడంబడికలోని షరతులను జనులకు తెలుపవలెననియు, సంస్థానపు ఖజానాపై ఎంత బరువు పడునో చెప్పవలెననియు కొందరు విద్యావంతులు కోరిరి. వారిలో ముఖ్యుడు డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు. ఎడింబరోలో చదివి శాస్త్రమున డాక్టరు పట్టము పొందినవాడు. హైదరాబాదులో ఆధునిక విద్యకు పునాదులు వేసినవారిలో నొకడు. సరోజినీ నాయుడునకు తండ్రి. ముల్లా అబ్దుల్ ఖయ్యూము ఆయనతో గొంతు కలిపెను. వారు అడిగినది రైలు లెక్క. వచ్చిన జవాబు లెక్క కాదు; దేశబహిష్కారము. అఘోరనాథుని ఉద్యోగమునుండి తొలగించి సంస్థానపు సరిహద్దు దాటించిరి. లెక్క అడిగినవాడు అల్లరివాడయ్యెను. లెక్క దాచినవారు రాజభక్తులైరి.

దాచిన లెక్కలు ఊరకుండునా? అయిదేండ్లు తిరుగకమునుపే, 1888లో, హైదరాబాదు దక్కను కంపెనీకి గనుల హక్కులను కట్టబెట్టిన బాగోతము లండనులో పార్లమెంటు విచారణసంఘము ముందు బయటపడెను. రైలు బేరములలో పాలుపంచుకొన్న సర్దార్ అబ్దుల్ హక్కే ఈ గనుల బేరములోను ఉండెను. అతని పదవి ఊడెను. సంస్థానపు పరువు సముద్రము దాటి పోయెను. ఒడంబడికలు జనుల కండ్లముందు జరుగవలెనని 1883లో అడిగినవారి మాట మన్నించియుండిన, రెండవ బేరము చీకటిలో జరుగుట అంత సులభమై యుండెడిదా? చెప్పినవానిని వెడలగొట్టుటచే తప్పు వెడలిపోదు; అది ఇంటిలోనే ఉండి పెరుగును.

అటుపై 1948వ సంవత్సరము వచ్చినది. షోయబుల్లాఖాన్ పేరు తెలియని పఠనమందిరము తెలంగాణములో నుండరాదు. ఇరువదియెనిమిది యేండ్లైనను నిండని యువకుడు. తాజ్ పత్రికలో వ్రాసెను, దానిని నిషేధించిరి. మందుముల నరసింగరావుగారి రయ్యత్ పత్రికలో చేరెను, దానిని మూయించిరి. బూర్గుల రామకృష్ణారావుగారి తోడ్పాటుతో 1947 నవంబరు 15వ తేదీన ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రికను తానే స్థాపించెను. రజాకారులు గ్రామములపై పడి చేయుచున్న దౌర్జన్యములను, పాలకులు చూచియు చూడనట్లుండుటను ఆ పత్రిక బట్టబయలు చేసెను. పగలొక ప్రభుత్వము, రాత్రి మరియొక ప్రభుత్వము నడుచుచున్నవని ఆయన వ్రాసెను.

ఆయన వ్రాసినదానికి జవాబేమి? ఫలానా గ్రామము తగులబడలేదని చెప్పిన అది జవాబగును. తగులబెట్టినవారిని పట్టుకొంటిమని చెప్పిన అదియు జవాబగును. అట్టిదేమియు రాలేదు. మతద్రోహి యనిరి. స్వజాతికి వెన్నుపోటు పొడిచినవాడనిరి. గాంధీ కొడుకని బెదిరింపు జాబు వ్రాసిరి. అది తిట్టనుకొనిరి కాబోలు! 1948 ఆగస్టులో, రజాకారుల దళమును రద్దు చేసి భారత యూనియనులో చేరవలసినదని నిజామును కోరుచు ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ఇమ్రోజ్ ప్రకటించెను. అట్లు ఎత్తిన చేతులను నరుకుదుమని కాశిం రజ్వీ సభలో గర్జించెను. ఆగస్టు 21వ తేదీ రాత్రి, పని ముగించుకొని యింటికి పోవుచున్న ఆ సంపాదకుని కాచిగూడ చెంత అడ్డగించి తుపాకితో కాల్చిరి. వ్రాసిన చేతిని నరికిరి. వెంటనున్న బావమరిదిని సైతము నరికిరి. తెల్లవారకమునుపే షోయబుల్లా కన్నుమూసెను. నెల దినములు గడవకుండనే, సెప్టెంబరు 17వ తేదీన, నిజాం ప్రభుత్వము లొంగిపోయెను.

ఆ హత్యను తలచుకొని కన్నీరు విడుచుట సులభము. మేము చెప్పదలచినది వేరొకటి. చేయి నరకుట కడపటి మెట్టు. దానికి ముందు పేరును నరికిరి. ద్రోహియను పేరు వీధివీధిని తిరిగిన తరువాతనే హంతకుడు కత్తి తీసెను. ద్రోహిని చంపిన తప్పేమియను ధైర్యముతో తీసెను. ఆ పేరును పుట్టించినవారు కొందరే. మోసినవారు వేలకొలది. హోటలులో చాయ త్రాగుచు, నమాజు ముగించుకొని మెట్లు దిగుచు, కచ్చేరిలో కాగితములు కట్టుచు ఆ మాటను ఒకరినోటినుండి యొకరు అందుకొన్నవారెవరును తాము హత్యలో పాలుగొనుచున్నామని యెరుగరు. రజాకారుల కాలపు పాఠములలో మనము మరచిపోయినది ఇదియే.

స్వతంత్రము వచ్చినది గనుక ఆ రోజులు పోయినవని సంతసించువారు 2020వ సంవత్సరమున విశాఖపట్టణపు రహదారిని ఒకమారు తలచుకొనవలయును. నర్సీపట్నము ప్రభుత్వాసుపత్రిలో మత్తు వైద్యుడుగా నున్న డాక్టరు సుధాకర్, కరోనా వ్యాధి ప్రబలుచున్న ఏప్రిల్ మొదటి దినములలో ఒక మాట బహిరంగముగా చెప్పెను. వైద్యులకు ఎన్-95 మాస్కులు చాలినన్ని ఇచ్చుటలేదనియు, ఒక్క మాస్కునే పదునైదు దినములు వాడుకొనుమనుచున్నారనియు ఆ మాట సారాంశము. దీనికి నీతిగల జవాబులు రెండే గలవు. మాస్కులున్నవని లెక్క చూపుట యొకటి. లేవని ఒప్పుకొని తెప్పించుట రెండవది. స్టోరు గది తాళము తీసి, రిజిస్టరు తెరచి, వచ్చినవెన్ని, పంచినవెన్ని అని నలుగురి ముందు చదివిన చాలును. ఒక పూట పని.

ప్రభుత్వము మూడవ జవాబును వెదకికొనెను. ఉద్యోగుల నియమావళిని అతిక్రమించెనని ఆయనను సస్పెండు చేసెను. ఆయన వెనుక ప్రతిపక్షమున్నదని అధికారపక్షమువారనిరి. చూడుడు, హిరణ్యకశిపుని ప్రశ్న! మే 16వ తేదీన విశాఖపట్టణములో జాతీయ రహదారిపై, ఒంటిపై చొక్కా లేకుండ, చేతులు వెనుకకు కట్టబడిన ఆ వైద్యుని లాఠీతో కొట్టు దృశ్యమును తెలుగువారందరును చూచిరి. త్రాగి అల్లరి చేసెనని పోలీసులు చెప్పిరి. అటనుండి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు చేర్చిరి. నలువది దినముల క్రిందట శస్త్రచికిత్సలలో రోగుల ప్రాణములకు కాపుండిన మనిషి, నలువది దినములలో మొదట క్రమశిక్షణ లేనివాడు, పిదప ప్రతిపక్షపు చేతిబొమ్మ, పిదప త్రాగుబోతు, తుదకు పిచ్చివాడు అయ్యెను.

హైకోర్టు ఊరకుండలేదు. మేజిస్ట్రేటును పంపి ఆయన వాఙ్మూలము తీయించెను. ప్రభుత్వపు నివేదికలో నున్నది ఒక గాయము; మేజిస్ట్రేటు చూచినవి ఆరు గాయములు. మే 22వ తేదీన సి.బి.ఐ. విచారణకు ఉత్తరువిచ్చెను. జూనులో ఆయన ఆసుపత్రి గోడలు దాటి వచ్చినదియు హైకోర్టు చలువననే. కాని పోయిన పేరును ఏ కోర్టు తిరిగి యిప్పింపగలదు? 2021 మే 21వ తేదీన ఆయన గుండెపోటుతో మరణించెను.

ఆ దినమున ఆయన త్రాగియుండెనా లేదా అను వాదములోనికి మేము దిగము. త్రాగెననియే అనుకొందము. కోపిష్ఠి యనియే అనుకొందము. ఏదో పక్షముతో స్నేహమున్నదనియు అనుకొందము. మాస్కుల రిజిస్టరు ఏప్రిల్ నెలది. రహదారిపై గొడవ మే నెలది. మే నెలలో మనిషి త్రాగిన సారాయి ఏప్రిల్ నెల రిజిస్టరులోని అంకెను మార్చగలదా? ఇంత చిన్న తర్కము ఆ దినములలో మనలో నెందరికి తట్టినది? ఆయన త్రాగెనా యని తెలుగునాట ఇంటింట వాదించుకొంటిమి. మాస్కులెన్ని వచ్చినవని అడిగిన యిండ్లెన్ని? అధికారులకు కావలసినది అదియే. మన చూపును రిజిస్టరుమీదినుండి మనిషిమీదికి మరల్చిరి, వారు గెలిచిరి.

ఈ ఎత్తు ఒక్క మనదేశపుది కాదు. అదే యేడాది జనవరి 3వ తేదీన చైనాలోని ఊహాన్ నగరమున లీ వెన్‌లియాంగ్ అను కంటివైద్యుని పోలీసులు పిలిపించి, అబద్ధములు ప్రచారము చేయుచున్నావని మందలించి కాగితముపై సంతకము చేయించుకొనిరి. ఆయన చేసినదెల్ల క్రొత్త జ్వరము వచ్చుచున్నదని తోటి వైద్యులను హెచ్చరించుట. ఫిబ్రవరి 7వ తేదీన ఆయన ఆ వ్యాధితోనే మరణించెను. మార్చిలో పోలీసులు ఆ మందలింపును రద్దుచేసి క్షమాపణ చెప్పుకొనిరి. అప్పటికి వ్యాధి లోకమంతయు క్రమ్ముకొనెను. ప్రజాస్వామ్యమునకు పెద్దదిక్కని చెప్పుకొను అమెరికాలో 1971లో డేనియల్ ఎల్స్‌బర్గ్, వియత్నాం యుద్ధమునుగూర్చి ప్రభుత్వము దాచిన పత్రములను పత్రికలకందించెను. పత్రములు అబద్ధమని ప్రభుత్వము చెప్పలేకపోయెను. కావున అధ్యక్షుడు నిక్సన్ మనుషులు ఆ సెప్టెంబరు 3వ తేదీ రాత్రి ఎల్స్‌బర్గ్‌కు చికిత్స చేసిన మానసిక వైద్యుని కార్యాలయపు తలుపు పగులగొట్టి, అతని మనస్సులోని లోపములేవైన దొరకునాయని కాగితములు వెదకిరి. ఈ దొంగతనము బయటపడి 1973 మేలో అతనిపైనున్న కేసు కోర్టులో కొట్టుపడెను. మరుసటి యేడు నిక్సన్ గద్దె దిగెను. విశాఖలో మానసిక వైద్యశాల, అమెరికాలో మానసిక వైద్యుని బీరువా. సముద్రములు వేరైనను దారి ఒకటే.

పాఠకులు ఈ దారిలోని మజిలీలను గుర్తుంచుకొనవలయును. మొదటిది మౌనము: విననట్లుండుట. రెండవది నియమము: చెప్పిన మాటను విడిచి, చెప్పుటకు అనుమతి తీసికొంటివా యనుట. మూడవది వెనుకవాడు: ఎవరో ఆడించుచున్నారనుట. నాలుగవది నడవడి: త్రాగుడు, అప్పు, ఆడుది, పాత తగాదా. అయిదవది మతి. ఆరవది కేసు, లేదా కర్ర. ఈ ఆరింటిలో ఎచ్చటనైనను “నీవు చెప్పినది నిజమా?” అను ప్రశ్న యున్నదా? ఒక సంస్థ ఈ మజిలీలలో నడువ నారంభించెనన్న, తప్పు జరిగినదని దానంతట రుజువు కాదు. కాని రిజిస్టరు తెరచి చూపుట దానికిష్టము లేదని మాత్రము తెలియును. నిర్దోషి మొదట రిజిస్టరు తెరచును.

దీనికి ఎదురుమాట గలదు. దానిని దాటవేయుట మాకు సమ్మతము కాదు. అర్జీలు పెట్టి అధికారులను బెదరించి డబ్బు గుంజువారు లేరా? పగతో అబద్ధములు పుట్టించువారు లేరా? ఉన్నారు. అట్టివారిని మేము వెనుకవేసికొని రాము. కాని అబద్ధమాడినవానిని పట్టుకొను దారి ఏది? వాని మాటను పరీక్షించుటయే గదా! పరీక్షింపక నిజమైనవానిని శిక్షించిన కచ్చేరియే, పరీక్షింపక అబద్ధీకునికి భయపడి లంచమిచ్చును. రిజిస్టరు బల్లపై తెరచి యుంచిన చోట గుంజుకొనువానికి పనియేమున్నది? మరియు ద్వేషముతో చెప్పినంతమాత్రమున నిజము అబద్ధము కాదు. భక్తితో చెప్పినంతమాత్రమున అబద్ధము నిజము కాదు.

చెప్పినవాడెవడో తెలియకయే మాటను పరీక్షింపవచ్చుననుటకు మన హైదరాబాదులోనే నిదర్శనమున్నది. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ కంపెనీ డైరెక్టరొకరికి మారుపేరుతో ఒక జాబు వచ్చెను. లెక్కలు బూటకమని అందులో నుండెను. మూడు వారములైన నిండకమునుపే, 2009 జనవరి 7వ తేదీన, ఆ కంపెనీ అధిపతి రామలింగరాజు తానే లేఖ వ్రాసి, వేలకోట్ల రూపాయలు లేనివి ఉన్నట్లు చూపితిమని ఒప్పుకొనెను. జాబు వ్రాసినవాడు మారుపేరు చాటున దాగవలసివచ్చినదేల? నిజపేరు చెప్పిన, లోకము లెక్కలను విడిచి ఆ పేరు వెంట పడునని అతడెరుగును. అతని జాతకము ఎవరికిని తెలియదు. అయినను లెక్క తేలినది.

రాజ్యరహస్యముల మాట యేమని కొందరడుగుదురు. సేనల కదలికలు శత్రువునకు తెలుపుమని మేమనుటలేదు. కాని మాస్కుల సంఖ్య ఏ శత్రువునకు దాచవలసిన రహస్యము? రేషను బియ్యపు లెక్క, ఉపాధిహామీ మస్టరు, రోడ్డు కాంట్రాక్టు కొలతపుస్తకము ఏ దేశరక్షణకు సంబంధించినవి? దొంగ తన మూటను కూడ రహస్యమనియే చెప్పును.

చట్టమేమి చెప్పుచున్నది? 2005 అక్టోబరు 12వ తేదీన అమలులోనికి వచ్చిన సమాచారహక్కు చట్టము ఒక గొప్ప మాట చెప్పినది. సమాచారము కోరువాడు ఎందుకు కోరుచున్నాడో చెప్పనక్కరలేదు. జవాబు పంపుటకు కావలసిన వివరములు తప్ప అతని సొంత వివరములను అధికారి అడుగరాదు. అనగా, “ఎవడు? ఎందుకు?” అను హిరణ్యకశిపుని ప్రశ్నను ఆ చట్టము నిషేధించినది! అయినను అర్జీ పడిన మరునాడే అర్జీదారుని యింటికి పెద్దమనుషులు వచ్చి, “ఎవరు పెట్టించిరి?” అని యడుగు ఊళ్లు లేవని ఎవరైన చెప్పగలరా?

రహస్యము చెప్పినవానిని కాపాడుటకు వేరొక చట్టము కావలెనని దేశము గ్రహించుటకు ఒక ప్రాణము పోవలసివచ్చినది. జాతీయ రహదారుల పనిలో అవినీతి జరుగుచున్నదని సత్యేంద్ర దూబే అను యువ ఇంజనీరు 2002లో ప్రధానమంత్రికి జాబు వ్రాసి, తన పేరును రహస్యముగా నుంచుమని వేడుకొనెను. ఆ జాబు పేరుతో సహా కార్యాలయమునుండి కార్యాలయమునకు తిరిగెను. 2003 నవంబరు 27వ తేదీన ఆయనను గయలో కాల్చి చంపిరి. చంపినవారు దోపిడీదొంగలని సి.బి.ఐ. చెప్పెను. ఎవరైనను, పేరు దాచవలసినవారు దాచలేదన్నది తిరుగులేని మాట. పదేండ్ల పిమ్మట, 2014లో, పార్లమెంటు చట్టము చేసెను. మే 9వ తేదీన రాష్ట్రపతి సంతకమయ్యెను. ఫిర్యాదుదారుని పేరు వెల్లడించిన అధికారికి మూడేండ్ల వరకు జైలు. తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేసినవానికి రెండేండ్ల వరకు జైలు. త్రాసు రెండు తట్టలును సరిగనే అమర్చిరి. కాని చట్టము అమలులోనికి వచ్చు తేదీని ప్రభుత్వము ప్రకటింపవలసి యుండెను. ఏండ్లకు ఏండ్లు గడచినను ఆ తేదీ రాలేదు! గుడి కట్టి, విగ్రహము నిలిపి, తలుపునకు తాళమువేసి, తాళముచెవి పూజారి నడుమున దోపుకొనినట్లున్నది. ఏ పక్షమైనను ఇంతే. ప్రతిపక్షములో నున్నంతకాలము ఇట్టివానిని భుజములపై నెక్కించుకొందురు. గద్దె యెక్కిన మరునాడు అట్టివాని వెనుక నెవరున్నారని వెదకుదురు.

పెద్దలను ఇంతగా తప్పుపట్టిన మేము మనలను విడిచిపెట్టుట న్యాయము కాదు. ఏ ఊరి సంతలోనైనను ఒక రైతు కాంటాలో మోసమున్నదనెను అనుకొందము. తరుగు పేర, కడ్తా పేర బస్తాకింతయని కోయుచున్నారనెను అనుకొందము. సాయంకాలమునకు మన అరుగులమీద వచ్చు మాట లేమి? వానికి అప్పులున్నవట. వాడు త్రాగుబోతట. పోయిన ఎన్నికలలో ఫలానావానికి తిరిగెనట. ఇవన్నియు నిజమే కావచ్చును. రైతు త్రాగుబోతైనంతమాత్రమున కాంటా సరియగునా? ముద్రవేసిన తూకపురాయిని తెచ్చి కాంటాపై పెట్టిన గడియలో తేలు సంగతికి, ఒక మనిషి జీవితమునంతయు విప్పి ఆరవేయుట ఏల? కాంటా యజమానికి నలుగురు గుమాస్తాలే యున్నారు. ఊరంతయు గుమాస్తాగిరి చేయుచున్నది గనుకనే వానికి ధైర్యము. జీతము లేని ఆ గుమాస్తాలము మనమే.

తెలంగాణములో పఠనమందిరములు ఊరక పుట్టలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి, గ్రంథాలయమన్న సర్కారునకు అనుమానమే. సభ పెట్టవలెనన్న అనుమతి కావలెను. 1937లో నిజామాబాదున ఆంధ్రమహాసభ జరుపుకొన్న ప్రాంతము మనది. నిజాము పాలనను ఎదిరించినందుకు దాశరథిని ఇందూరు కోట జైలులో పెట్టిన, ఆయన బొగ్గుతో గోడలపై వ్రాసెను. అంత కష్టపడి పెద్దలు మనకు చదువుకొను చోటునిచ్చినది వదంతులను పంచుకొనుటకు కాదు. కాగితమును చూచి మాటాడుట నేర్చుకొనుటకు.

కావున మేము కోరునవి మూడు. సంస్థపై ఆరోపణ వచ్చినప్పుడు, ఆ సంస్థ తన లెక్కను తేదీ చెప్పి జనుల ముందుంచవలెను. విచారణ ఆ సంస్థ చేతిలో నుండరాదు. విచారణ ముగియుదాక చెప్పినవానిని ఉద్యోగమునుండి కదల్చుట, వాని నడవడినిగూర్చి అధికారులు పత్రికలకు ప్రకటనలిచ్చుట నిలుపవలెను. 2014 చట్టమును సవరణల పేర నీరుకార్చక అమలు పరచవలెను. వీనికొరకు మన శాసనసభ్యుని, పార్లమెంటు సభ్యుని జాబులతో, సభలతో అడుగుట మన హక్కు.

నాలుగవది ప్రభుత్వమును అడుగవలసినది కాదు. రేపు ఈ ఊరిలోనే ఒకడు నిలువబడి, ఫలానాచోట తప్పు జరుగుచున్నదని చెప్పును. వాడు మనకు నచ్చనివాడే కావచ్చును. అరుగుమీద ప్రక్కవాడు వంగి, “వాడెవడో తెలియునా?” అని చెవిలో నారంభించును. అప్పుడు మనము, “వాని సంగతి పిదప చూతము, రిజిస్టరు ఏమి చెప్పుచున్నది?” అని గట్టిగా అడుగవలెను. ఊరిలో పదిమంది ఆ ప్రశ్న అడుగుట అలవరచుకొన్ననాడు పేర్లు నరకువారి కత్తి మొద్దుబారును. స్తంభమును మొదటనే తట్టి చూచుట హిరణ్యకశిపునకు తట్టలేదు. మనకైనను తట్టుగాక!